లోపం పెడలుకు పైన ఉంది

కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు ఏ పుస్తకం చదవమంటారని నన్ను అడుగుతుంటారు. నా దగ్గర ఒకటుంది. ఒక డీజిలు కారుతో పాటు ఓడలో వచ్చిన సర్వీసు పుస్తకం. గట్టి అట్ట, మూడు వేళ్ల మందం. అట్ట మీద ఎవరో కాఫీ లోటా పెట్టినట్టు గుండ్రంగా నూనె మరక. కోడంబాక్కం రైల్వే గేటు దగ్గర, నడిరోడ్డు మీద, ఎవరి మాటా వినని ఇంజనును ఆ పుస్తకం ఒక్క క్షణంలో ఆపింది. లోపలి పేజీలు అంత పని చేయగా నేను చూడలేదు.

ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. చెప్పుకోదగినంత పొడవైన జాబితా కాదది. ఎక్కువగా రాసేది ఒక్క తప్పు గురించి. అది నాది. నలుగురి ముందు బయటపడింది కాబట్టి దాచే అవకాశం కూడా లేకపోయింది.

గాలి ఉద్యోగం

యాభైల నడుమ మాట. కాకినాడలో ఇంజనీరింగు చదివి, మౌంటు రోడ్డు పక్క సందులో ఉన్న ఒక వర్కుషాపులో చేరాను. మొదటిరోజు టై కట్టుకొని వెళ్లాను. దాన్ని ఫ్యాను బెల్టుకు దూరంగా ఉంచమని మేస్త్రి సలహా ఇచ్చారు. రెండో రోజు నుంచి ఇంట్లోనే ఉంచాను.

మేస్త్రి పేరు రాఘవులు. పెరంబూరు రైల్వే వర్కుషాపులో ఇరవై ఏళ్లు పనిచేసి మా దగ్గరికి వచ్చారు. సంతకం పెట్టడానికి ఎంత చదువు కావాలో అంతే చదువుకున్నారు. స్క్రూడ్రైవరు కొస ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని వినేవారు. పొగను చేత్తో దగ్గరికి తోసుకొని వాసన చూసేవారు. అప్పుడప్పుడు నాలుకకు కూడా పని చెప్పేవారు. నాకు ఇదంతా నాటువైద్యంలా కనిపించేది. నా దగ్గర మీటర్లుండేవి. నా ముక్కు మాత్రం కాలేజీ రోజుల్లోనే పొడుం పాలై, వాసనల విషయంలో పదవీవిరమణ చేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

అప్పట్లో మద్రాసులో డీజిలు లారీలకు, బస్సులకు కొదవ లేదు. డీజిలు కార్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి గోవిందరాజులు నాయుడుగారిది. వాల్‌టాక్స్ రోడ్డులో కలప డిపో ఆయనది. కోడంబాక్కం సినిమా స్టూడియోల్లో రాజమహళ్లు కట్టడానికి కావలసిన పలకలన్నీ అక్కడి నుంచే వెళ్లేవి. ఊళ్లో ఇంకెవరికీ లేని బండి తనకుండాలని ఆయన ఆ కారు తెప్పించుకున్నారు. ఇంకెవరికీ లేని జబ్బులు కూడా దానితో పాటే వచ్చాయి.

ఆ కారులో పెడలు నేరుగా డీజిలును ముట్టుకోదు. ఇంజనుకు గాలి వెళ్లే గొట్టంలో ఒక చిన్న రేకు తలుపు ఉంటుంది. కాలు తీస్తే ఆ తలుపు మూసుకుంటుంది. అప్పుడు ఇంజను గాలి కోసం గట్టిగా పీలుస్తుంది. ఆ పీల్పు ఒక సన్నటి గొట్టంలోంచి వెళ్లి, పంపు వెనక ఉన్న తోలు పొరను లాగుతుంది. తోలు పొర కదిలి డీజిలు తగ్గిస్తుంది. అంటే, కాలు చెప్పిన మాట తలుపుకు, తలుపు చెప్పింది గాలికి, గాలి చెప్పింది తోలుకు, తోలు చెప్పింది డీజిలుకు. గవర్నమెంటు ఆఫీసు ఏర్పాటన్నమాట. మధ్యలో ఎక్కడ చిల్లు పడినా పైవాడు చెప్పింది ఒకటి, కిందివాడు చేసేది మరొకటి.

దీన్ని మొదటి నెలలోనే అర్థం చేసుకున్నాను. ఇంజన్ల విషయంలో.

నా మొదటి విజయం

నాయుడుగారి కారు మొదటిసారి వచ్చినప్పుడు దాని బాధ మామూలుదే. నల్లటి పొగ, లాగుడు లేదు, పెడలు తొక్కితే తుమ్ముతూ దగ్గుతూ నడుస్తోంది. నల్ల పొగంటే డీజిలుకు తగిన గాలి అందడం లేదని అర్థం. గాలి వడపోసే డబ్బా విప్పాను. దాని అడుగున ఒక గిన్నె ఉంటుంది, గిన్నెలో నూనె. లోపలికొచ్చే గాలి ఆ నూనెను రాసుకుంటూ, దుమ్ము అక్కడే దించేసి, తీగల వల గుండా పైకి పోతుంది. నాయుడుగారి గిన్నెలో నూనె ఆనవాలు లేదు. డిపోలోని రంపపు పొట్టు మాత్రం రవ్వలడ్డులా గట్టిపడి ఉంది.

కడిగాను, నింపాను, బిగించాను. కారు గుర్రంలా లాగింది. ఆ సంతోషంలో డ్రైవరును పిలిచాను. డ్రైవరు మునిరత్నం తొండియార్‌పేట మనిషి. పదకొండేళ్లుగా నాయుడుగారి దగ్గరే ఉన్నాడు. బండిని తువ్వాలుతో తుడిచి, అదే తువ్వాలుతో ముఖం తుడుచుకొనేవాడు. ఆ క్రమం ఎప్పుడూ మారదు, ముందు బండి.

"ఇదిగో మునిరత్నం, ఇకమీదట శనివారం శనివారం దీనికి ఆయిల్ బాత్. తప్పకూడదు" అన్నాను డబ్బా మీద తట్టి.

"శనివారమా సార్?"

"శనివారమే. నీకు గుర్తుంటుందని."

"బాగా గుర్తుంటాది సార్. ఏ నూనె సార్?"

"ఏదో ఒక మంచి నూనె."

"సరి సార్" అన్నాడు. అతని ముఖంలో నా మీద కొత్తగా ఒక గౌరవం కనిపించింది. ఎందుకో అప్పుడు తెలియలేదు. మనకు వచ్చే గౌరవానికి కారణాలు వెతకడం నా అలవాటు కాదు.

ఆకలేసే కారు

మూడు వారాలైంది. ఒక గురువారం నాయుడుగారు మళ్లీ వచ్చారు. మేస్త్రి ఆ వారం జ్వరంతో ఇంట్లో ఉన్నారు. పరీక్ష, తీర్పు రెండూ నావే.

"ఏమయ్యా ఇంజినీరూ, ముందు బండి పోను పోను అనింది. ఇప్పుడు నిలవను నిలవను అంటా ఉండాది" అన్నారు నాయుడుగారు. "ఈ మునిరత్నం కాలు తీసినానన్నా దాని పాటికి అది ఎగరతా పోతాది. నిన్నగాక మొన్న ఎద్దుల బండి వెనక పోయి ముద్దు పెట్టుకునేదే."

"సోమవారం పడతాది సార్" అన్నాడు మునిరత్నం మెల్లిగా. "బుధవారానికి దిగిపోతాది. గాలి సోకినట్టుండాది."

"గాలీ లేదు, దయ్యమూ లేదు" అన్నాను. నేను సైన్సు చదివినవాణ్ని.

"ఇంకోటి కూడా రాసుకో" అన్నారు నాయుడుగారు. "ఈ బండెక్కితే నాకు ఆకలేస్తా ఉండాది."

రాసుకోలేదు. కారు పరీక్ష కాగితంలో ఆకలికి గడి లేదు.

తర్వాత రెండు గంటలు నేను చేసిన పని ఇప్పటికీ తప్పు పట్టడానికి లేదు. రేకు తలుపు ఇరుసు చూశాను, అరగలేదు. తలుపును వెనక్కి లాగే స్ప్రింగు చూశాను, బిగువుగా ఉంది. సన్నటి గొట్టం విప్పి, మేస్త్రి చేసినట్టే దాన్ని నోట పెట్టుకొని పీల్చి, కొసను నాలుకతో మూశాను. నాలుక అతుక్కుపోయింది. అలా అతుక్కుంటే తోలు పొర చిరగలేదని లెక్క. ఇంజను స్టార్టు చేసి పెడలు తొక్కాను, వదిలాను, తొక్కాను, వదిలాను. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా ఉంది.

ఒక్కటి మాత్రం విప్పలేదు. గాలి డబ్బా. దాన్ని మూడు వారాల క్రితం బాగుచేసింది నేనే కదా. నేను బాగుచేసిన చోట తప్పుంటుందన్న ఆలోచన ఆ వయసులో రాదు. చాలామందికి ఏ వయసులోనూ రాదు.

లోపం దొరకలేదని రాయడానికి మనసొప్పలేదు. కాలేజీలో నాకు కాస్త హాస్యప్రియుడన్న పేరుండేది. రిపోర్టులో అన్ని భాగాలూ బాగున్నాయని రాసి, చివర ఒక వాక్యం చేర్చాను. లోపం యాక్సిలరేటరు పెడలుకు పైన ఉంది, అని. రాసి, నాకు నేనే కాసేపు నవ్వుకున్నాను. ఆ నవ్వులో ఇంకెవరూ పాలు పంచుకోలేదు.

నా కాళ్ల వైపు చూస్తా ఉండారు సార్

తర్వాతి సోమవారం కారు డిపోలో పలకల దొంతర మీదికి ఎక్కబోయింది. నాయుడుగారు నా రిపోర్టు బయటికి తీయించి, డిపో గుమాస్తా చేత చదివించుకున్నారు. గుమాస్తా తర్కం తెలిసినవాడు. పెడలుకు పైన ఉండేది కాలు. కాలికి పైన ఉండేది తల. తల సరిగ్గా లేకపోవడానికి కారణం ఏముంటుంది?

అవి మద్యనిషేధం రోజులు. తాగాడన్న మాట పడితే ఉద్యోగం పోవడంతో సరిపోదు, పోలీసు స్టేషను కూడా చూడాలి. ఆ మచ్చ పడ్డ డ్రైవరుకు మద్రాసులో తోపుడు బండి కూడా ఎవరూ ఇవ్వరు.

మంగళవారం పొద్దున మునిరత్నం వర్కుషాపుకు వచ్చాడు. కారు లేకుండా అతన్ని చూడటం అదే మొదలు. మేస్త్రి జ్వరం తగ్గి పనిలోకి వచ్చారు, అక్కడే ఉన్నారు.

"సార్, మీరు కాగితంలో ఏం రాసినారు సార్?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "చదివినోళ్లంతా నా కాళ్ల వైపు చూస్తా ఉండారు. పదకొండేండ్లు సార్. ఒక కోడిని కూడా తొక్కలేదు. తొండియార్‌పేటలో మా ఇంటి ముందరే కల్లు దించేవోళ్లున్నప్పుడు కూడా నేను ఆ పక్కకు పోలేదు. ఇప్పుడు అయ్య పోలీసులకు పట్టిస్తానంటా ఉండారు."

మేస్త్రి నా వైపు చూశారు. నేను రిపోర్టు నకలు తీసి చదివి, చివరి వాక్యాన్ని తెలుగులో చెప్పాను. తెలుగులో అది ఇంకా చిన్నదిగా ఉంది.

"నవ్వొచ్చేట్టుగానే రాసినావు నాయనా" అన్నారు మేస్త్రి. "ఎవరు నవ్వినారు?"

ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎందరో పైఅధికారులు నన్ను తిట్టారు. కొందరు ఇంగ్లీషులో, ఒకాయన టెలిఫోనులో. వాటిలో ఏదీ నాకు గుర్తు లేదు. ఈ రెండు మాటలు ఉన్నాయి.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం డిపోకు వెళ్లాం. మేస్త్రి నాయుడుగారితో బేరం పెట్టారు. వచ్చే సోమవారం కోడంబాక్కం ప్రయాణంలో నేను ముందు సీట్లో కూర్చొని మునిరత్నం కాళ్లనే చూస్తూ ఉంటాను. మేస్త్రి వెనక కూర్చుంటారు. తప్పు కాలిదైతే నాయుడుగారి ఇష్టం. అంతదాకా మునిరత్నం పనిలోనే ఉంటాడు.

నాయుడుగారు ఒప్పుకున్నారు. "సోమవారం. అది ఎగిరిందీ, ఈయన కాలు పెడలు మీద ఉండిందీ, నేరుగా స్టేషనే" అన్నారు.

తిరిగి వస్తుంటే మేస్త్రి అడిగారు. "సోమవారమే ఎందుకు పడతాది నాయనా దానికి?"

"యాదృచ్ఛికం" అన్నాను.

"అంటే?"

"అంటే, నాకు తెలియదని."

"ఆ మాట ముందే రాసుంటే సరిపోయేది కదా" అన్నారు.

గేటు దగ్గర

సోమవారం వచ్చింది. మునిరత్నం కుడి చేతి వైపు, చక్రం ముందు. ఎడమ పక్కన నేను, ఒళ్లో సర్వీసు పుస్తకం. వెనక నాయుడుగారు, మేస్త్రి. మునిరత్నం ఆ రోజు చెప్పులు కూడా వేసుకోలేదు. కాళ్లు శుభ్రంగా కడుక్కొని వచ్చాడు. న్యాయస్థానంలో హాజరు పరిచేవి అవే కదా.

నుంగంబాక్కం దాకా అంతా బాగానే ఉంది. నేను తల వంచుకొని అతని పాదాలే చూస్తున్నాను. మెడ నొప్పి పెట్టింది. ఆ తర్వాత ఇంజను గొంతు మారింది. అతని కుడికాలు పెడలు మీద నుంచి లేచింది. ఇంజను మాత్రం దిగలేదు. మునిరత్నం బ్రేకు మీద బరువు వేసి, ఎలాగో కోడంబాక్కం గేటు దాకా తెచ్చాడు. గేటు వేసి ఉంది. ముందు ఒక బస్సు, పక్కన సైకిళ్లు, రిక్షాలు. అతను గేరు తీసేశాడు, చేతి బ్రేకు లాగాడు.

బరువు తప్పగానే ఇంజను పైకి లేచింది. ఆ చప్పుడు రాసి చూపించడం నా వల్ల కాదు. కారంతా వణుకుతోంది. వెనక నీలం కలిసిన తెల్లటి పొగ వీధిని మూసేసింది.

"కాలు తియ్యిరా!" అని నాయుడుగారు అరిచారు.

"తీసేసినా అయ్యా!"

"నాకు కనబడలా!"

మునిరత్నం ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత రెండు కాళ్లూ పైకి తీసి, సీటు మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. చేతులు కూడా ఒళ్లో పెట్టుకున్నాడు. పెడలుకు పైన ఇప్పుడేమీ లేదు. ఇంజను ఇంకా పెద్దగా అరిచింది.

ఇంజను ఆపే పిడిని నేను లాగాను. పంపులో డీజిలు ఆగిపోవాలి. ఆగే ఉంటుంది. ఇంజను దాన్ని లక్ష్యపెట్టలేదు. ఇంకా గట్టిగా లాగాను. పిడి ఊడి నా చేతికొచ్చింది. డీజిలు లేకుండా నడిచే డీజిలు ఇంజను గురించి నాకు ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

పొగలోంచి ఒక సైకిలాయన అరవంలో అడిగాడు, ఇక్కడ మురుకులు ఎవరు వేయిస్తున్నారని.

"ఇదే! ఇదే నేను చెప్పింది!" అని నాయుడుగారు సీటు మీద కొట్టారు. "నాకు ఆకలేస్తా ఉండాది!"

మేస్త్రి గాలి పీల్చారు. ఒకసారి, ఇంకోసారి. తలుపు తీసుకొని దిగారు.

"అది తాగతా ఉండేది డీజిలు కాదు నాయనా. ఆ పుస్తకం ఇట్టా ఇయ్యి."

నేను కంగారుగా పుస్తకం తెరిచాను. "ఎన్నో పేజీ మేస్త్రీ?"

"అట్ట."

బానెట్టు ఎత్తి, క్లిప్పు తప్పించి, గాలి డబ్బాను ఊడలాగారు. పుస్తకం మూసి, గొట్టం నోటికి అడ్డంగా అదిమి పెట్టారు. అది జలగలా టక్కున అతుక్కుంది. ఇంజను ఒక్కసారి గింజుకుంది. ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం కోడంబాక్కం గేటు దగ్గర అంతకుముందు ఎవరూ విని ఉండరు.

మేస్త్రి డబ్బా కింది గిన్నె విప్పారు. గిన్నె మధ్యలో గీత ఉంటుంది, నూనె అక్కడిదాకానే ఉండాలి. ఇది అంచుదాకా ఉంది, పసుపుపచ్చగా, తేటగా. మేస్త్రి వేలు ముంచి వాసన చూశారు.

"మంచినూనె" అన్నారు.

తర్వాత గిన్నె అడుగున వేలు పెట్టి కెలికి, నల్లటి చిన్న గింజ ఒకటి తీశారు. దాన్ని అరచేతిలో పెట్టి నా ముందు చాపారు.

"ఇది ఏ కంపెనీ పార్టు నాయనా? పుస్తకంలో నంబరు చూడు."

మిరియం. వెతికితే రెండోది కూడా దొరికింది.

"ఏమిరా ఇది?" అన్నారు నాయుడుగారు మునిరత్నంతో.

మునిరత్నం బాసింపట్టు విప్పలేదు. ఎవరూ విప్పమని చెప్పలేదు కదా. "తలంటు అయ్యా. శనివారం శనివారం. తప్పలేదు."

"కారుకా?"

"ఆయిల్ బాత్, మంచినూనె అన్నారు కదయ్యా. నేను నిండా పోసినా."

"ఎవరి నూనె?"

"మనింటిదే అయ్యా. అమ్మగారే కాచి ఇచ్చినారు. అప్పుడు బండి తుమ్మతా ఉండింది కదా, ఉత్త నూనె పోస్తే జలుబు ముదరతాదని రెండు మిరియాలు కూడా వేసినారు."

నాయుడుగారు తల తడుముకున్నారు. "ఐదు శనివారాలుగా నా తలకు నూనె లేదు. అడిగితే అయిపోయిందన్నారు."

నాకు అప్పుడు అన్నీ వరసగా అర్థమయ్యాయి. శనివారం నిండా పోస్తే, ఆదివారం సెలవు కాబట్టి అలాగే ఉండి, సోమవారం ఇంజను వేగం అందుకోగానే ఆ నూనె గాలితో పాటు లోపలికి పోతుంది. నూనె కూడా మండేదే. డీజిలు ఆపితే దానికేం, వేరే భోజనం ఉంది. బుధవారానికి గిన్నె గీత దాకా తగ్గిపోతుంది. గురువారం నా దగ్గరికి వచ్చేసరికి కారు పథ్యం తిన్న రోగిలా ఉంటుంది. సోమవారం అని చెప్పాడు మునిరత్నం. ఆకలి అని చెప్పారు నాయుడుగారు. చూసే కళ్లు, మూసుకుపోయిన ముక్కు ఉన్నవాణ్ని నేను ఒక్కణ్నే.

"ఈ తలంటు పెట్టమనింది ఎవరు?" అని నాయుడుగారు అడిగారు.

మునిరత్నం నా వైపు చూడలేదు. అతను చెప్పడని నాకు తెలిసిపోయింది. నా మీద జాలి వల్ల కాదు. ఇంజనీరు చెప్పింది తప్పు కావచ్చన్న ఆలోచన అతనికి రాలేదు, అంతే. తన చేతిలోనే ఏదో పొరపాటు జరిగిందని వెతుక్కుంటున్నాడు. నూనె పోసింది అతను, మిరియాలు వేసింది అమ్మగారు. నేను నోరు మూసుకుంటే నా పేరు ఎక్కడా రాదు. ఉద్యోగం కొత్తది, ఇంకా ఖాయం కూడా చేయలేదు. ఆలోచించుకుందామంటే అప్పుడే ఎలక్ట్రిక్ రైలు వచ్చింది. చిన్న రైలు. ఎక్కువ సమయం ఇవ్వలేదు.

"నాయుడుగారూ, ఆ రిపోర్టు మీ జేబులో ఉందా?" అన్నాను.

ఉంది. మడిచి, అరవై సార్లు చదివించుకున్నట్టు నలిగి ఉంది.

"అందులో లోపం పెడలుకు పైన ఉందని రాశాను. తప్పు. పెడలుకు ఎడమ పక్కన కూర్చుని ఉంది."

నాయుడుగారు పెడలు చూశారు. దాని ఎడమ పక్కకు చూశారు. నన్ను చూశారు.

"ఆయిల్ బాత్ అన్నది నేను. ఇంజను ఆయిలు, గీత దాకా, అని చెప్పలేదు. ఏ నూనె అని అతను అడిగాడు కూడా. మంచి నూనె అన్నాను. రెండు మాటలుగానే అన్నాను, అతనికి ఒక మాటగా వినపడింది. అది అతని చెవి తప్పు కాదు. మా ఇంట్లోనూ నువ్వుల నూనెను అలాగే అంటారు."

బానెట్టు పక్క నుంచి మేస్త్రి ఒక చప్పుడు చేశారు. దగ్గనుకున్నాను.

"ఇప్పుడు నవ్వొచ్చింది నాయనా" అన్నారు.

గేటు లేచింది. వెనక బండ్లన్నీ ఒకేసారి హారన్లు కొట్టాయి. నలుగురం కారును పక్కకు నెట్టాం. నాయుడుగారు కూడా నెట్టారు, అంచు పంచె ఎగ్గట్టుకొని. నెడుతూ నెడుతూ, "మునిరత్నాన్ని పంపేయాలంటే ముందు ఇంట్లో ఆమెను పంపాల. అంత ధైర్యం నాకు లేదు" అన్నారు, ఎవరితోనో తెలియకుండా. మునిరత్నం ముఖం తువ్వాలుతో తుడుచుకొని, అదే తువ్వాలుతో బానెట్టు తుడిచాడు. ఆ క్రమం తిరగబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

తర్వాత

ఆ సాయంత్రం కొత్త రిపోర్టు రాశాను. హాస్యం లేదు. గాలి డబ్బాలో నూనె ఎక్కువైందని, అది సరిగ్గా చెప్పకపోవడం వర్కుషాపు తప్పని, డ్రైవరు చెప్పింది చెప్పినట్టు చేశాడని. మునిరత్నం దాన్ని తెలుగులో కూడా రాయమన్నాడు, ఇంట్లో చూపించుకోవాలట. రాసిచ్చాను. డిపో గుమాస్తాకు కూడా చదివి వినిపించమని మేస్త్రి పట్టుబట్టారు. నేనే వెళ్లి వినిపించాను. వింటున్నంతసేపూ ఆయన నా కాళ్ల వైపు చూశాడు.

మా యజమాని నా ఉద్యోగం ఖాయం చేయడం ఆరు నెలలు ఆపాడు. న్యాయమే.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొద్దిగానే ఉంది. గాలి సంగతి ముందు చూడండి, డీజిలు సంగతి తర్వాత. మీరు బాగుచేసిన చోటే మొదట విప్పండి. బండి మనిషి చెప్పిన ప్రతి మాటా రాసుకోండి, గడి లేకపోతే గీసుకోండి. తెలియకపోతే తెలియదని రాయండి. అది చిన్న వాక్యం, చేతికి నొప్పి ఉండదు. పొడుం మానేయండి.

ఇంకొకటి. ఎవరికైనా ఏదైనా చెప్పాక, ఏం చేస్తావో నాకు చెప్పు అని అడగండి. ఇది నేను మొదటిసారి అడిగింది ఆ వచ్చిన శనివారం, మునిరత్నాన్నే. గిన్నె విప్పి, గీత చూపించి, ఇంజను ఆయిలు డబ్బా అతని చేతిలో పెట్టి, అరగంట చెప్పాను. తర్వాత, "ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నాను.

"గిన్నె విప్పాల. మురికి నూనె పారబోయాల. ఈ డబ్బాలోదే పోయాల. ఈ గీత దాకా, అంతే. నువ్వుల నూనె వద్దు."

"సరిగ్గా చెప్పావు."

"మిరియాలు వద్దు."

"వద్దు."

అతను గిన్నె బిగించాడు. వెళ్లబోతూ ఆగాడు.

"సార్, అమ్మగారు అడగమన్నారు. జీలకర్ర?"